అంచున పేరు లేని పతకం

భోగి నాడు తెల్లారకట్ల పాతపట్నంలో చలి ఎముకలు కొరుకుతుంది. మహేంద్రతనయ ఏటి మీంచి లేచిన మంచు వీధంతా కమ్ముకుంటే, మంట చుట్టూ నిలబడ్డవాళ్ల ముఖాలు తప్ప మరేమీ కనిపించదు. మొన్న భోగికి మా పెదనాన్న ఇంటి ముందు మంట వేశాం. విరిగిన కుర్చీ కాళ్లు, చెద పట్టిన తలుపు చెక్క, చిరిగిన చాపలు పిల్లలు ఒక్కొక్కటే తెచ్చి పడేస్తున్నారు. వదిన లోపల్నించి ఒక అట్టపెట్టె మోసుకొచ్చింది. తుప్పు పట్టిన తాళాలు, పాత ఉత్తరాలు, రంగు వెలిసిన రిబ్బన్ ముక్కలు, పసుపు రంగుకు తిరిగిన కాగితాలు.

"మావయ్యా, ఇయ్యి మంటలో ఎయ్యమంటారా?"

పెదనాన్న అరుగు మీంచి లేచిన తీరు చూస్తే డెబ్బై ఆరేళ్ల మనిషి అనిపించలేదు. పెట్టె అందుకుని, అడుగున చెయ్యి పెట్టి, మూలలు నలిగిన చిన్న పుస్తకం ఒకటి బయటకు తీశాడు. పంచె చెంగుతో దుమ్ము తుడిచాడు.

"ఇది కాలిపోతే నాను సిపాయినే కాదమ్మా."

అది ఆయన డిశ్చార్జి బుక్. సైన్యం నుంచి బయటికొచ్చిన ప్రతి జవాను చేతిలో పెట్టే పుస్తకం. ఎప్పుడు చేరాడు, ఏ పని చేశాడు, ఎలాంటి నడవడి, ఎందుకు విడుదలయ్యాడు, ఏయే పతకాలు వచ్చాయి అన్నీ అందులోనే ఉంటాయి. మధ్యాహ్నం మనవడు పతకాలకు అద్దం కట్టిస్తానని రిబ్బన్లన్నీ మంచం మీద పరిచాడు. ఏది ముందు, ఏది వెనక అన్నది పుస్తకం చూసి సర్దుతున్నాడు. రిబ్బన్లు ఐదు. పుస్తకంలో పేర్లు నాలుగు.

"తాతా, పూర్వీ స్టార్ ఇందులో లేదే?"

పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో, ఆయన అగర్తలా వైపు ఉన్నాడు. బండి డ్రైవరు. అఖౌరా దగ్గర దెబ్బలు తిన్నవాళ్లను వెనక్కి మోసుకొచ్చాడు. ఆ రిబ్బన్‌ను యూనిట్‌లోనే కుట్టించి చొక్కా మీద పెట్టుకోమన్నారు. "నక్షత్రం తరవాతొస్తాదన్నారు. ఈలోగా నాకు బదిలీ అయిపోనాది. అడిగితే రాస్తాంలే అన్నారు. ఏటి సేస్తాం బావూ, అడగడం ఒగ్గీసినాను."

యాభై ఏళ్లు దాటిపోయాయి.

ఇప్పుడెందుకీ మాట

జనవరి 14ను దేశం మాజీ సైనికుల దినంగా జరుపుకుంటుంది. స్వతంత్ర భారత సైన్యానికి తొలి భారతీయ సేనాపతి కరియప్ప 1953లో ఆ రోజునే పదవీ విరమణ చేశారు. మనకేమో అది భోగో, సంక్రాంతో. పొరుగూళ్ల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి కొడుకులూ కూతుళ్లూ ఇంటికి చేరే రోజు. ట్రంకు పెట్టెలు తెరుచుకునేదీ అప్పుడే.

ఈ మధ్య ఆ పెట్టెలు మరీ తరచుగా తెరుచుకుంటున్నాయి. రక్షణ శాఖ పింఛన్లను స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థకు మార్చాక, తన పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేవో ప్రతి మాజీ సైనికుడూ చూసుకోవాల్సి వచ్చింది. ఒక అక్షరం తేడా వచ్చినా కామన్ సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి. పేరు సరిచూసుకుందామని పుస్తకం తీసినవాళ్లకు పతకాల పేజీ కూడా కళ్లబడుతోంది.

ఇంకో కారణమూ ఉంది. మన శ్రీకాకుళం జిల్లాలోనే సంతబొమ్మాళి మండలం నగిరిపెంటకు చెందిన మేజర్ మల్లా రామగోపాల్ నాయుడుకు 2024 ఆగస్టులో కీర్తి చక్ర ప్రకటించారు. శాంతికాలపు శౌర్య పురస్కారాల్లో అది అశోక చక్ర తర్వాతిది. అప్పట్నుంచి జిల్లాలో నలుగురు మాజీ సైనికులు కలిసిన చోటల్లా పతకాల ముచ్చటే. ఆ ముచ్చట ఎక్కడో ఒక చోట, "మరి నీ పుస్తకంలో ఏముందిరా?" దగ్గరకు వచ్చి ఆగుతుంది.

నక్షత్రం వేరు, పతకం వేరు

పతకం అనగానే మనకు పరమవీర చక్రలు, మహావీర చక్రలు గుర్తుకొస్తాయి. అవి శౌర్యానికి ఇచ్చేవి. వాటి పేర్లు గెజిట్‌లో అచ్చవుతాయి, పేపర్లలో ఫొటోలు వస్తాయి. అవి రికార్డులో జారిపోవడం అరుదు. జారిపోయేవి రెండో రకం. ఫలానా యుద్ధంలో, ఫలానా చోట, ఫలానా రోజుల్లో ఇతను ఉన్నాడని చెప్పే పతకాలు. వాటికి సన్మానం లేదు, నగదు లేదు. నెలనెలా వచ్చే భత్యం శౌర్య పురస్కారాలకే. 2017లో పెంచిన లెక్క ప్రకారం పరమవీర చక్రకు నెలకు 20,000 రూపాయలు, శౌర్యానికి ఇచ్చే సేనా మెడల్‌కు 2,000. పూర్వీ స్టార్‌కు పైసా రాదు.

అలాంటప్పుడు మా పెదనాన్నకు ఎందుకంత పట్టింపు? ఆయన పుస్తకంలో సంగ్రామ్ మెడల్ ఉంది, పూర్వీ స్టార్ లేదు. ఈ రెంటి మధ్యా ఉన్న దూరం తెలిస్తే ఆ పట్టింపు అర్థమవుతుంది.

సంగ్రామ్ మెడల్ 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 లోపు సైన్యంలో పనిచేసిన అందరికీ ఇచ్చారు. నీలగిరుల్లో శిక్షణ కేంద్రంలో ఉన్నా, ఎక్కడో డిపోలో సరుకు లెక్క రాస్తున్నా వస్తుంది. పూర్వీ స్టార్ అలా కాదు. డిసెంబరు 3 నుంచి 16 మధ్య తూర్పు యుద్ధరంగంలో అడుగు పెట్టినవాడికే అది. పశ్చిమాన పోరాడినవాళ్లకు పశ్చిమీ స్టార్. 1965లోనూ ఇదే పద్ధతి. ఆ కాలంలో కొలువులో ఉన్నవాళ్లకు రక్షా మెడల్, యుద్ధభూమిలో ఉన్నవాళ్లకు సమర్ సేవా స్టార్. 1999లో కార్గిల్‌కూ అంతే: ఆపరేషన్ విజయ్ స్టార్ ఒకటి, ఆపరేషన్ విజయ్ మెడల్ ఒకటి.

అంటే పతకం చెప్పేది, "ఆ రోజుల్లో నువ్వు సైన్యంలో ఉన్నావు" అని. నక్షత్రం చెప్పేది, "నువ్వు యుద్ధంలో ఉన్నావు" అని. మా పెదనాన్న పుస్తకం ప్రకారం ఆయన యుద్ధకాలంలో ఎక్కడో క్షేమంగా ఉన్నాడు. అగర్తలా రోడ్డు మీద తన బండి వెనక నెత్తురు కడిగిన మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఆయన కూడా చెప్పడు.

పేరు ఎక్కడ జారింది

ఒక పతకం జవాను పుస్తకంలోకి ఎక్కాలంటే చాలా చేతులు మారాలి. యుద్ధం ముగుస్తుంది. పతకాన్ని ఏర్పాటు చేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది, అర్హతలు ఖరారవుతాయి. యూనిట్ తన దగ్గరున్న అర్హుల జాబితా తయారుచేస్తుంది. దాన్నే నామినల్ రోల్ అంటారు. దాని ఆధారంగా పార్ట్ టూ ఆర్డర్ వెలువడుతుంది. సైన్యంలో పెళ్లయినా, బిడ్డ పుట్టినా, సెలవు పెట్టినా, గాయపడినా పార్ట్ టూ ఆర్డర్‌లో పడితేనే జరిగినట్టు లెక్క. ఆ ఆర్డర్ దళానికి చెందిన రికార్డ్ ఆఫీస్‌కు వెళుతుంది. మద్రాస్ రెజిమెంట్ వాళ్లకు వెల్లింగ్టన్, ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ సాపర్లకు బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, మరమ్మతుల దళం ఈఎంఈకి సికింద్రాబాద్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. అక్కడ గుమస్తా దాన్ని జవాను షీట్ రోల్‌లో ఎక్కిస్తాడు. విడుదలయ్యే రోజున షీట్ రోల్ చూసి డిశ్చార్జి బుక్ రాస్తారు.

ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా పేరు జారిపోతుంది. ఎక్కువగా ఊడేది అటాచ్‌మెంట్ దగ్గర. డ్రైవర్లు, వంటవాళ్లు, నర్సింగ్ అసిస్టెంట్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు తరచూ సొంత యూనిట్ వదిలి మరో యూనిట్‌తో కలిసి యుద్ధానికి వెళతారు. జాబితా రాసేటప్పుడు సొంత యూనిట్, "అతను మన దగ్గర లేడుగా, వాళ్లు రాస్తారు" అనుకుంటుంది. వాళ్లేమో, "అతను మనవాడు కాదుగా" అనుకుంటారు. ఇద్దరిదీ తప్పని చెప్పలేం. ఇద్దరి మధ్యా ఒక మనిషి లేకుండా పోతాడు.

గాయపడి ఆసుపత్రికి వెళ్లినవాళ్లదీ అదే కథ. జాబితా రాసిన రోజున వాళ్లు ఏ కంపెనీ హాజరులోనూ లేరు. యుద్ధం అవగానే బదిలీ అయినవాళ్లు, ఏడాది తిరక్కుండా విడుదలైనవాళ్లు కూడా ఇలాగే తప్పిపోతారు. ముందు వరసలో తుపాకీ పట్టినవాడి కంటే, ఆ వరసకు నీళ్లూ మందులూ తూటాలూ మోసినవాడి పేరే తొందరగా జారిపోతుంది. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి.

ఎందరు అప్పలస్వాములు?

మన వైపు మరో చిక్కు ఉంది. సింహాద్రి అప్పన్న కొలువున్న నేల ఇది. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ, సింహాచలం లేని వీధి ఉండదు. ఒకే తాలూకా నుంచి ఒకే భర్తీలో ముగ్గురు అప్పలస్వాములు చేరితే, ముగ్గురి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలైతే? ఇంటిపేరు ముందు రాయడం మన ఆచారం. హిందీలో రాసే గుమస్తా దాన్ని తండ్రి పేరు అనుకోవచ్చు, ఊరి పేరు అనుకోవచ్చు, మొత్తానికే వదిలేయనూ వచ్చు. అప్పలస్వామి ఒక కాగితంలో అప్పల్ స్వామి, ఇంకో కాగితంలో అప్పాలసామి అవుతాడు. మా పెదనాన్న పేరు ఆయన కాగితాల్లోనే మూడు రకాలుగా ఉంది.

అందుకే సైన్యంలో పేరు కన్నా నంబరు ముఖ్యం. నంబరులో ఒక అంకె తప్పు పడితే ఒకరి పతకం మరొకరి ఖాతాలోకి పోతుంది. ఇది పల్లెటూరి గుమస్తా గదుల్లో మాత్రమే జరిగే పొరపాటు కాదు. కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద ఒళ్లంతా తూటాలు దిగినా పోరాడిన 18 గ్రెనేడియర్స్ జవాను యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్రను మొదట మరణానంతర పురస్కారంగా ప్రకటించారు. అదే బెటాలియన్‌లో అదే పేరున్న మరో జవాను చనిపోయాడు. అసలు యోగేంద్ర ఆసుపత్రిలో బతికే ఉన్నాడు. దేశపు అత్యున్నత శౌర్య పురస్కారం దగ్గరే పేరు అలా తడబడితే, ఓ డ్రైవరు పూర్వీ స్టార్ సంగతి చెప్పాలా!

> చిరునామా మారిన ఊరు
>
> పాతపట్నం కదల్లేదు, జిల్లాలే దాని మీదుగా కదిలాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉండేది. ఆ రోజున ఏటికి అవతలి పర్లాకిమిడి ఒరిస్సాకు వెళ్లింది. ఇవతలి పాతపట్నం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కణ్నించి చేరిన జవాను చిరునామా విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది. అతని తండ్రి కాలపు కాగితాల్లో గంజాం ఉంటుంది. మనవడి ఆధార్‌లో శ్రీకాకుళం. ముగ్గురిదీ ఒకే వీధి, ఒకే ఇల్లు. వారసుల దరఖాస్తులో పాత జిల్లా పేరు కూడా రాయకపోతే పత్రాలు పొంతన కుదరక వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది.

బర్మా నుంచి వచ్చిన తరం

తాతల తరం కథ ఇంకా కష్టం. మద్రాసు పదాతి దళాలను బ్రిటిషు ప్రభుత్వం 1920లలో రద్దు చేసింది, సాపర్లు మిగిలారు. దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారని అప్పట్లో ఓ దురభిప్రాయం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక, 1941లో మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టారు. తెలుగు పల్లెల నుంచి వేలమంది చేరారు. పశ్చిమ గోదావరిలోని మాధవరం ఏకంగా మిలటరీ మాధవరం అనే పేరే తెచ్చుకుంది. మన ఉత్తరాంధ్ర వాళ్లకైతే బర్మా కొత్త కాదు. రంగూన్‌ను రంగం అని పిలుచుకుని, కూలికీ వ్యాపారానికీ ఓడెక్కిన జనం. కూలీగా తండ్రి నడిచిన దారిలో సిపాయిగా కొడుకు నడిచాడు.

యుద్ధం అయిపోగానే సైన్యాన్ని కుదించారు. లక్షలాది మంది ఇళ్లకు చేరిపోయారు. బర్మా స్టార్, వార్ మెడల్ వంటివి తయారై పంచే నాటికి ఆ జవాన్లు పొలాల్లో ఉన్నారు. ఈలోగా దేశం రెండయింది, సైన్యమూ రెండయింది. అడిగి తెచ్చుకోవాలని తెలిసినవాళ్లు తెచ్చుకున్నారు. తెలియనివాళ్ల పేర్లు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి.

వాళ్లలో చాలామందికి పింఛను లేదు. ఇక్కడ ఒక నియమం గుండెల్లో గుచ్చుకుంటుంది. పింఛను లేకుండా వెళ్లిన జవాను సర్వీసు పత్రాలను 25 ఏళ్లు ఉంచి, ఆ తర్వాత నాశనం చేస్తారు. లాంగ్ రోల్ అనే పెద్ద పట్టీ మాత్రం శాశ్వతంగా ఉంటుంది. అందులో ఉండేవి నంబరు, పేరు, చేరిన రోజు, వెళ్లిన రోజు లాంటి నాలుగు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధ సైనికులకూ వారి భార్యలకూ రాష్ట్ర ప్రభుత్వం నెలవారీ సాయం ఇస్తుంది. అందుకు ఆ యుద్ధంలో పనిచేసినట్టు రుజువు కావాలి. కాగితం లేని ముసలమ్మ చేతిలో కొన్నిసార్లు మిగిలేది ఆ ఒక్క నక్షత్రమే. అదైనా పిల్లల ఆటల్లో పోకుండా ఉంటే.

బజారులో దొరికే పతకం

"స్టారే కదా, ఢిల్లీలో కొనెయ్యొచ్చు" అన్నాడు మా బంధువు ఒకాయన. నిజమే. కంటోన్మెంట్ బజార్లలో, ఆన్‌లైన్‌లో అచ్చం అలాంటివే దొరుకుతాయి. సర్వీసులో ఉన్న జవాన్లే పరేడ్ కోసం నకళ్లు కొనుక్కోవాల్సి వస్తోందని పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. అసలు పతకాలను కోల్‌కతా టంకశాలలో పోస్తారు. లక్షల్లో బకాయిలు పేరుకుపోయి, సర్వీసు మొత్తం రిబ్బన్లతోనే గడిపినవాళ్లు ఉన్నారు.

అసలుకీ నకలుకీ తేడా అంచున ఉంటుంది. అసలు పతకం అంచు మీద జవాను నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. నక్షత్రమైతే వెనక వైపు. బజారు పతకం అంచు నున్నగా ఉంటుంది. పెదనాన్న మనవడి ఫోన్‌లో నకలు బొమ్మ చూసి తల అడ్డంగా ఊపాడు. "అది పెట్టుకుంటే దొంగతనం సేసినట్టుంటాది. నాకు బిళ్ల ఒద్దు బావూ. ఆ పుస్తకంలో ఒక్క గీత రాయమను, సాలు."

ఆయన అడుగుతున్నది లోహం కాదు. ఆ వాక్యం రాయాల్సినవాళ్లు రాయాలి. అది మనం కొనేది కాదు.

గాయం రాయకపోతే

నక్షత్రం జారితే పోయేది గౌరవం. గాయం జారితే బతుకే జారుతుంది. యుద్ధంలో దెబ్బ తగిలినవాణ్ని యుద్ధ క్షతగాత్రుడిగా పార్ట్ టూ ఆర్డర్‌లో రాయాలి. అలా రాస్తే యుద్ధ గాయం పింఛను వస్తుంది. అది మామూలు వైకల్య పింఛను కన్నా ఎక్కువ. అదే కాగితం మీద 'ప్రమాదం' అని పడిందో, ఏమీ పడలేదో, ఆ కుటుంబం నెలనెలా నష్టపోతుంది. చనిపోయినవాడి విషయంలో భార్యకు అందే కుటుంబ పింఛను రకమే మారిపోతుంది.

భార్యల సంగతి ఇంకో మాట. భర్త ఉన్నప్పుడు ఆ పెట్టె ఆమె ముట్టుకోదు; అది ఆయన లోకం. ఆయన పోయాక హఠాత్తుగా అవే కాగితాలకు ఆమె జవాబుదారీ. యూనిట్ పేరేమిటని అడిగితే ఆమెకు తెలిసింది ఉత్తరాల మీద ఉండే 56 ఏపీవో, 99 ఏపీవో మాత్రమే. సైన్యం తపాలా చిరునామా అది. ఆ చిరునామాకు పదిహేనేళ్లు ఉత్తరాలు రాసిన ఇల్లాలికి భర్త ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. ఆ గోప్యత దేశం కోసం. దాని భారం ఇప్పుడు ఆమె మీద పడుతోంది.

కాగితాలు కాలిన చోట

భోగి మంట దగ్గర పెదనాన్న కంగారు చూసినప్పుడు నాకు అమెరికాలో జరిగిన ఒక సంగతి గుర్తుకొచ్చింది. సెయింట్ లూయిస్ నగరంలో ఆ దేశపు సైనికుల సర్వీసు పత్రాలు భద్రపరిచే భవనం ఉంది. 1973 జులై 12న అక్కడ మంటలు లేచాయి. కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా ఫైళ్లు బూడిదయ్యాయి. 1912 నుంచి 1960 దాకా సైన్యం విడిచినవాళ్ల పత్రాల్లో దాదాపు 80 శాతం పోయాయి. లండన్‌లోనూ ఇలాంటిదే. 1940 సెప్టెంబరు బాంబుదాడిలో మొదటి ప్రపంచ యుద్ధ సిపాయిల పత్రాల్లో సగానికి పైగా కాలిపోయాయి. మిగిలినవాటిని ఇప్పటికీ కాలిన దస్తావేజులనే పిలుస్తారు.

చెప్పుకోదగ్గది మంట కాదు, తర్వాత జరిగింది. అమెరికాలో జీతాల పట్టీలు, ఆసుపత్రి చిట్టాలు, కంపెనీల రోజువారీ హాజరు నివేదికలు వెతికి, ఒక్కొక్కరి సర్వీసునూ ముక్కలు అతికినట్టు మళ్లీ నిలబెడుతున్నారు. పైగా అక్కడ సైనిక రికార్డులు సరిదిద్దడానికే ప్రత్యేక బోర్డులున్నాయి. 1946 చట్టంతో వచ్చినవి. తన పేరున ఫలానా పతకం లేదని మాజీ సైనికుడు గానీ వారసుడు గానీ ఒక ఫారం నింపి పంపితే, బోర్డు ఆధారాలు చూసి తీర్పు చెబుతుంది. బ్రిటన్ అయితే ఆర్కిటిక్ సముద్రంలో రష్యాకు సరుకు చేరవేసిన నావికులకు ప్రత్యేక నక్షత్రాన్ని 2013లో ఇచ్చింది, యుద్ధం ముగిసిన 68 ఏళ్లకు. తొంభై దాటిన ముసలివాళ్లు కోటుకు అది తగిలించుకుని నిలబడ్డారు.

మన గడపలు

మన దగ్గర అలాంటి ప్రత్యేక బోర్డు లేదు. ఉన్న దారి రికార్డ్ ఆఫీస్, అక్కడ కాదంటే సైనిక ప్రధాన కార్యాలయం, అక్కడా కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో ఏర్పడిన ఈ ట్రిబ్యునల్ 2009 ఆగస్టు నుంచి పనిచేస్తోంది. అంతకుముందు హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి.

ట్రిబ్యునల్ తలుచుకుంటే యుద్ధ చరిత్రనే తిరగరాయించగలదు. కార్గిల్ యుద్ధంలో బతాలిక్ రంగాన 70వ బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ దేవీందర్ సింగ్ తన పాత్రను యుద్ధానంతర నివేదికలో తగ్గించి రాశారని పోరాడారు. 2010 మేలో ఢిల్లీ బెంచి ఆయన వాదనను అంగీకరించి, రికార్డు సరిచేయమంది. ఒక బ్రిగేడియర్‌కే పదకొండేళ్లు పట్టింది. పాతపట్నం డ్రైవరు చెన్నై రైలెక్కి, వకీలును పెట్టుకుని, ఒక్క గీత కోసం వాయిదాలకు తిరగాలనడం న్యాయం కాదు. అసలు రుజువు భారం ఆయన మీద ఎందుకుండాలి? జాబితా రాసింది ఆయన కాదు. పార్ట్ టూ ఆర్డర్ కాపీ ఆయనకు ఇచ్చినవాళ్లూ లేరు. యూనిట్ ఆ రోజుల్లో ఎక్కడుందో యుద్ధ డైరీల్లో ఉంటుంది. ఆ డైరీలు ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. పాతికేళ్లు దాటిన యుద్ధ పత్రాలను పరిశీలించి జాతీయ అభిలేఖాగారానికి ఇవ్వాలని రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం తెచ్చింది. 1971 డైరీలకు ఆ గడువు ఎప్పుడో దాటింది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పింఛన్ల మీద, పిల్లల చదువు సాయం మీద ఎంతో పని చేస్తాయి. ఆ శిబిరాల్లోనే ఇంకో బల్ల వేయొచ్చు. ఒకే యూనిట్‌లో పనిచేసిన పదిమందిని కూర్చోబెట్టి పదిమంది పుస్తకాలూ పక్కపక్కన పెడితే, ఎవరి పేజీలో ఏది లేదో ఒక్క పూటలో తేలిపోతుంది. 1971లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఇవాళ డెబ్బై అయిదుకు చేరువలో ఉన్నారు. ఒకరికొకరు సాక్ష్యం చెప్పగలిగే రోజులు ఎక్కువ లేవు.

> పెట్టె తెరిచినప్పుడు
>
> డిశ్చార్జి బుక్, పింఛను ఉత్తర్వు పక్కపక్కన పెట్టి పేరు, నంబరు, పతకాలు సరిపోల్చండి. ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి ఇద్దరు పిల్లలకైనా పంపండి.
>
> ఏ తేదీల్లో ఏ యూనిట్‌తో, ఎవరికి అటాచ్‌మెంట్‌గా ఉన్నారో మీ ఇంటి మాజీ సైనికుడి నోట విని రాసుకోండి. అధికారి పేరు, వాగు పేరు, బండి నంబరు, ఆసుపత్రి పేరు ఏదైనా పనికొస్తుంది. పాత ఫొటోల వెనక రాతలు వదలొద్దు.
>
> దరఖాస్తు రికార్డ్ ఆఫీస్‌కు నేరుగానో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానో పంపవచ్చు. షీట్ రోల్‌లో ఏముందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.
>
> కాదంటూ తుది జవాబు వస్తే దాని మీది తేదీ ముఖ్యం. ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి ఆరు నెలలే గడువు.

కనుమ నాటి ఉత్తరం

కనుమ నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెదనాన్న దగ్గర కూర్చుని నేను దరఖాస్తు రాశాను. తేదీలు అడిగితే తడుముకున్నాడు. దారి అడిగితే తడుముకోలేదు. అగర్తలా ఆసుపత్రి నుంచి సరిహద్దు దాకా మలుపు మలుపూ చెప్పాడు. ఏ మలుపు దగ్గర బండి దిగబడిందో, ఎవరు తోశారో, వెనక పడుకున్న కుర్రాడు ఏ భాషలో అమ్మను పిలిచాడో చెప్పాడు. ఆ భాష తనకు రాదట. అమ్మ అన్న మాట మాత్రం అర్థమయిందట. దరఖాస్తులో దానికి గడి లేదు. అయినా నేను విడిగా ఒక కాగితం మీద రాసి జతపెట్టాను.

పేరు దగ్గర ఆగిపోయాను. ఇంట్లో పిలిచేది రాయాలా, రేషను కార్డులో ఉన్నదా, ఆధార్‌లో ఉన్నదా?

"అయ్యేవీ కాదు" అని కలం తీసుకున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి. ముందు నంబరు రాశాడు, ఎక్కడా చూడకుండా, ఒక్క అంకె ఆగకుండా. తర్వాత హోదా. ఆ తర్వాత పేరు. ఇంటిపేరు వెనక్కి పోయి, 'అప్పల' రెండు ముక్కలై, చివర ఒక అక్షరం తప్పుగా ఉన్న పేరు. 1968లో ఎవరో గుమస్తా రాసిన పేరు.

"అక్కడోల్లకి నాను ఈ పేరుతోనే తెలుసు" అన్నాడు.

కవరు అంటించి, పోస్టాఫీసు తెరిచే రోజు ఏదని మనవణ్ని అడిగాడు.